బేస్‌బాల్ వాదనకి కూర్చునే ముందు: అంకెలు ఎలా చదవాలి, పుస్తకాలు ఎంతవరకు నమ్మాలి

బెజవాడలో బేస్‌బాల్ చూసేవాళ్లు తక్కువే గానీ, ఉన్నవాళ్లు మాత్రం క్రికెట్ గురించి వాదించుకున్నట్టే వాదించుకుంటారు. వేసవిలో న్యూయార్క్‌లో సాయంత్రం 7:05కి మొదలయ్యే మ్యాచ్ మనకి తెల్లవారుజామున 4:35కి వస్తుంది. 2023లో పిచ్ క్లాక్ (బంతి వేయడానికి గడువు కట్టే గడియారం) పెట్టాక ఆట రెండు గంటల నలభై నిమిషాలకి అటూఇటూగా తేలిపోతోంది. ఏడున్నరకల్లా టీ కొట్టు దగ్గర చేరి "ఎవరు గొప్ప" అని మొదలెట్టేయొచ్చు.

వాదన తేలాలంటే ప్రశ్న చిన్నదిగా ఉండాలి. ఒకే సీజన్, ఒకే లీగ్, ఇద్దరు ఆటగాళ్లు, అంతే. మొదటిసారికి 1941 అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) తీసుకోండి. బోస్టన్ తరఫున టెడ్ విలియమ్స్, యాంకీస్ తరఫున జో డిమాజియో. అర ఠావు కాగితం మీద ఒక్కొక్కరికి నాలుగు అంకెలు రాయండి: ఎట్-బ్యాట్‌లు (వాక్‌ల వంటివి తీసేసి లెక్కించే బ్యాటింగ్ అవకాశాలు), హిట్లు (బంతి కొట్టి బేస్ చేరినవి), వాక్‌లు (పిచర్, అంటే బంతి వేసేవాడు, నాలుగు బంతులు బయటికేస్తే ఊరికే బేస్ చేరినవి), బంతి ఒంటికి తగిలి బేస్‌కి వెళ్లినవి. విలియమ్స్‌వి 456, 185, 147, 3. డిమాజియోవి 541, 193, 76, 4.

క్రికెట్ అలవాటు దెబ్బతీసేది ఇక్కడే. మన సగటు పరుగుల్ని ఔట్లతో భాగిస్తే వస్తుంది. బేస్‌బాల్లో హిట్లని ఎట్-బ్యాట్‌లతో భాగిస్తారు. 185ని 456తో భాగిస్తే .406. కానీ వాక్‌లు ఈ లెక్కలోకే రావు. పిచర్ భయపడి నాలుగు బంతులు బయటికేస్తే బ్యాటర్ బేస్ మీదికి వెళ్తాడు, సగటు మాత్రం కదలదు. అందుకే ఆన్-బేస్ పర్సంటేజ్ కూడా కట్టాలి. లవంలో హిట్లు, వాక్‌లు, ఒంటికి తగిలినవి. హారంలో ఎట్-బ్యాట్‌లు, మళ్లీ ఆ చివరి రెండూ. విలియమ్స్‌కి 335 బై 606, అంటే .553. డిమాజియోకి 273 బై 621, అంటే .440. 1954 నుంచి ఇప్పటిదాకా ఏ సీజన్‌కి లెక్క కట్టినా హారంలో శాక్రిఫైస్ ఫ్లైలు (తాను ఔటైనా పరుగు వచ్చేలా గాల్లోకి కొట్టినవి) కూడా కలపాలి, మరిచిపోతే అంకె పెరిగిపోతుంది. 1941లో వాటిని మామూలు ఔట్లలాగే ఎట్-బ్యాట్‌లలో వేసేవారు.

ఇంత తేడా ఉన్నా ఆ ఏడాది ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం) డిమాజియోకే వచ్చింది. వరసగా 56 మ్యాచ్‌లలో హిట్ కొట్టాడు, యాంకీస్ వరల్డ్ సిరీస్ గెలిచింది, పైగా ఆడింది సెంటర్ ఫీల్డ్, ఫీల్డింగ్‌లో బరువైన చోటు. కాబట్టి "ఎవరు బాగా కొట్టారు", "ఎవరి వల్ల జట్టు గెలిచింది" అనే రెండు ప్రశ్నల్ని విడగొట్టి అడగండి. మొదటిదానికి జవాబు విలియమ్సే, అందులో బేరం లేదు.

పిచర్లకి ఈఆర్‌ఏ చూడండి: ఫీల్డర్ల తప్పు లేకుండా ఇచ్చిన పరుగుల్ని 9తో గుణించి, వేసిన ఇన్నింగ్స్‌తో భాగించాలి. ఇన్నింగ్స్ 304.2 అని ఉంటే అది 304, ఇంకా మూడింట రెండు వంతులు. మన ఓవర్లలో చుక్క తర్వాతది ఆరింట లెక్క, ఇక్కడ మూడింట లెక్క. 1968లో బాబ్ గిబ్సన్ 304.2 ఇన్నింగ్స్‌లో 38 ఇచ్చాడు, 1.12 వస్తుంది. ఈ అంకె ఎంత తక్కువైతే అంత గొప్ప.

అంకె చూసి చేతులెత్తేయకండి. ఆ ఏడాది బంతిదే రాజ్యం. అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచిన యస్ట్రెమ్‌స్కీ సగటే .301. మరుసటి ఏడాది మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) ఎత్తుని 15 అంగుళాల నుంచి 10కి దించేశారు. అందుకే లీగ్ సగటు ఈఆర్‌ఏని ఆటగాడి అంకెతో భాగించాలి. గిబ్సన్‌కి లీగ్ సగటు సుమారు 3, అంటే 2.7 రెట్లు. 2000లో పెడ్రో మార్టినెజ్‌ది 1.74 అయినా, బాదుడు కాలం కాబట్టి లీగ్ సగటు 4.9, దాదాపు 2.8 రెట్లు. పైకి వెనకబడ్డట్టు కనిపించే పెడ్రో నిజానికి ఒక మెట్టు పైనే ఉన్నాడు.

ఇక పుస్తకాలు. ఏలూరు రోడ్డు షాపుల్లో ఇవి దొరికితే అదృష్టమే, ఈ-బుక్ నయం. లారెన్స్ రిట్టర్ 'ద గ్లోరీ ఆఫ్ దెయిర్ టైమ్స్' (1966) ముందు చదవండి. వృద్ధులైన ఆటగాళ్ల మాటల్లోనే పాత కాలం ఉంటుంది. రుచికి అది, లెక్కకి కాదు. జ్ఞాపకం తేదీల్ని కలిపేస్తుంది. ఎవరైనా ఫలానా మ్యాచ్ అనగానే మార్జిన్‌లో పెన్సిల్‌తో ఏడాది, ప్రత్యర్థి పేరు రాసుకుని, రెట్రోషీట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే బాక్స్ స్కోరుతో (మ్యాచ్ అంకెల పట్టికతో) సరిచూడండి. 1919 వరల్డ్ సిరీస్ అమ్ముడుపోయిన కథకి ఎలియట్ అసినోఫ్ 'ఎయిట్ మెన్ అవుట్' (1963) చదివించేస్తుంది, కానీ అందులో కొన్ని పాత్రలు కల్పితమని రచయితే తర్వాత ఒప్పుకున్నాడు. వాదనలో దాన్నొక్కదాన్నే సాక్ష్యంగా పెడితే ఎదుటివాడు పట్టుకుంటాడు.

నీగ్రో లీగ్‌ల (నల్లజాతి ఆటగాళ్లని మేజర్ లీగ్‌లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు ఆడిన లీగ్‌లు) గురించి రాబర్ట్ పీటర్సన్ 'ఓన్లీ ద బాల్ వాజ్ వైట్' (1970) ఉంది. రికార్డుల పట్టికలున్న ఏ పుస్తకమైనా ముందు ముద్రణ సంవత్సరం చూడండి. 2024లో మేజర్ లీగ్ నీగ్రో లీగ్‌ల లెక్కల్ని తన రికార్డుల్లో కలిపింది. దాంతో కెరీర్ సగటులో .372తో జాష్ గిబ్సన్ పైకొచ్చి, టై కాబ్ .367తో రెండోవాడయ్యాడు. అంతకుముందు అచ్చయిన పట్టికల్లో కాబ్ పేరే మొదట ఉంటుంది.