తెలుగు, ఒడియా కలిసే ఊళ్లకు మెటాడేటా నిల్వ ఎలా కట్టాలి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ లాంటి ఊళ్లలో ఫొటోల మెటాడేటా (ట్యాగులు, ఇతర వివరాలు) దాచే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను ఫొటో స్టూడియోలకు రాస్తుంటే మూడు సంగతులు ముందే లెక్కలోకి తీసుకోండి. ఒకే ఆల్బమ్‌కు ఒకరు తెలుగులో ‘పెళ్లి’ అని రాస్తే పక్క సిస్టమ్‌లో ఒడియాలో ‘బాహాఘర’ అని రాస్తారు. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌ల మీద తిరుగుతాయి. కరెంటు చెప్పకుండా పోతుంది.

ట్యాగులను ఎన్‌టీఎఫ్‌ఎస్ ఆల్టర్నేట్ స్ట్రీమ్‌లలో (విండోస్ డిస్క్‌లో ఫైలుకు అంటి ఉండే అదనపు డేటాలో) దాచకండి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌కు కాపీ చేయగానే అవి పోతాయి. ఒకే ఫైలులో ఇమిడే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఒకటి పెట్టుకోండి. కస్టమర్‌కు ఇచ్చే ఫొటోల పక్కన మాత్రం ట్యాగులుండే చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలు (సైడ్‌కార్) రాయండి.

మిగతా సాఫ్ట్‌వేర్ ఈ నిల్వతో మాట్లాడే ఇంటర్‌ఫేస్‌కు చదవడం, రాయడం, తీసేయడం, వెతకడం చాలు. ఎస్‌క్యూఎల్ దాని వెనకే ఉండాలి, స్క్రీన్ కోడ్‌లో ఒక్క క్వెరీ కూడా కనపడకూడదు. రాసే ఫంక్షన్ ఒక్కో విలువ కాకుండా విలువల జాబితా తీసుకోవాలి. 800 ఫొటోలకు ట్యాగు పెడితే అది ఒకే ట్రాన్సాక్షన్ కావాలి, లేకపోతే 800 సార్లు డిస్క్ కోసం ఆగాలి.

ఫైలును పాత్‌తో గుర్తుపెట్టుకోవద్దు, డ్రైవ్ అక్షరం రేపు మారుతుంది. మీ సొంత ఐడీ ఇచ్చి, పాత్, సైజు, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తు) దాని పక్కన ఉంచండి. హ్యాష్‌నే ఐడీ చేస్తే ఫొటో కాస్త క్రాప్ చేసినా ట్యాగులన్నీ తెగిపోతాయి. మార్పు సమయం పోల్చేటప్పుడు 2 సెకన్ల తేడాను వదిలేయండి, ఫ్యాట్32లో సమయం అంతకన్నా సూక్ష్మంగా నమోదు కాదు.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది వెతుకులాట మీద. ఎస్‌క్యూలైట్‌లో మాటలు వెతికే భాగమైన ఎఫ్‌టీఎస్5లో మామూలుగా ఉండే యూనికోడ్61 టోకెనైజర్ (రాతను మాటలుగా విడగొట్టేది) అక్షరాలను, అంకెలనే మాటలో భాగం అనుకుంటుంది. గుణింతపు గుర్తులు, పొల్లు దాని లెక్కలో మాటను విడగొట్టే ఖాళీలు. అంటే ‘పిల్ల’ కాస్తా ప, ల, ల అవుతుంది, ‘పిల్లి’ కూడా అంతే. పిల్ల అని వెతికితే పిల్లి ఫొటోలు వస్తాయి. తెలుగువాళ్ల కోసం రాసే సాఫ్ట్‌వేర్‌లో ఇది క్షమించరానిది. టోకెనైజర్ కేటగిరీలలో డీఫాల్ట్‌గా ఉన్నవాటికి ఎంఎన్ (Mn), ఎంసీ (Mc) అనే యూనికోడ్ గుర్తుల తరగతులు రెండూ కలపండి. తెలుగు గుణింతాలు ఈ రెండింట్లోనూ ఉన్నాయి కాబట్టి ఒకటే కలిపితే సగం పని అవుతుంది.

వాడుకరి టైపు చేసినదాన్ని యథాతథంగా ఒక కాలమ్‌లో, వెతకడానికి శుభ్రం చేసిన రూపాన్ని మరో కాలమ్‌లో ఉంచండి. ఆ శుభ్రం చేయడంలో రెండు పనులు: ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే రకం కోడ్‌లతో రాసే యూనికోడ్ పద్ధతిలోకి) మార్చడం, అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్-జాయినర్ తీసేయడం. ‘స్టూడియో’ అని వెతికే మాటకూ ఇదే చేయాలి. ఐత్వం ఒక కోడ్‌గానూ రెండు కోడ్‌లుగానూ రావచ్చు, ఎన్‌ఎఫ్‌సీ దాన్ని ఒకటి చేస్తుంది. ఒడియా అన్న పేరులోనే ఉన్న చుక్క డకారం తీరు వేరు: ఎన్‌ఎఫ్‌సీ తర్వాత కూడా అది రెండు కోడ్‌లే. కోడ్‌లు లెక్కపెట్టి పేరును కత్తిరించే ప్రోగ్రామ్ ఇక్కడే చుక్కను పోగొడుతుంది.

ఎస్‌క్యూలైట్‌లో వాల్ మోడ్ (మార్పులను ముందు పక్క ఫైలులో రాసే WAL పద్ధతి) పెట్టి, సింక్రనస్ సెట్టింగును ఫుల్‌లో ఉంచండి. నార్మల్‌లో డేటాబేస్ పాడవదు కానీ కరెంటు పోయినప్పుడు చివర రాసినవి పోవచ్చు. టేబుళ్ల మధ్య లంకెలను కాపాడే ఫారిన్ కీలను ప్రతి కనెక్షన్‌లోనూ ఆన్ చేయాలి. డేటాబేస్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి రెండు సిస్టమ్‌ల నుంచి తెరిస్తే వాల్ పనిచేయదు. అలాంటి చోట డేటాబేస్‌ను ఒక సిస్టమ్‌లో ఉంచి, మిగతావి ఇదే ఇంటర్‌ఫేస్ ద్వారా దాన్ని అడిగేలా చేయండి. బ్యాకప్‌కు సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగా డేటాబేస్ ఫైలొక్కటే కాపీ చేస్తే వాల్‌లో మిగిలినవి రావు, ‘వాక్యూమ్ ఇన్‌టు’ (VACUUM INTO) ఆదేశం వాడండి.

స్కీమా (టేబుళ్ల నిర్మాణం) సంఖ్యను డేటాబేస్‌లోని యూజర్ వెర్షన్ (user_version)లో రాయండి, టేబుల్ మార్పుతో పాటు ఒకే ట్రాన్సాక్షన్‌లో పెంచండి. పాత సాఫ్ట్‌వేర్‌కు తనకన్నా పెద్ద సంఖ్య కనపడితే చదవడం వరకే అనుమతించాలి.