కుర్చీలో దెయ్యాన్ని కూర్చోబెట్టడం ఎలా?

డిస్నీలాండ్‌లోని హాంటెడ్ మాన్షన్ రైడ్‌లో విందు గదికి చేరగానే దెయ్యాలు జంటలుగా నాట్యమాడుతుంటాయి. వాటి ఒంట్లోంచి వెనకనున్న సామానంతా తెలుస్తుంటుంది. 1969 ఆగస్టు 9న ఆ రైడ్ మొదలైంది. దాని మాయలకు రూపమిచ్చిన యేల్ గ్రేసీ ఈ దృశ్యానికి వాడింది పాత నాటకాల కిటుకు. హెన్రీ డిర్క్స్ ఊహించిన ఆ పద్ధతిని జాన్ హెన్రీ పెప్పర్ 1862లోనే లండన్‌లో ప్రదర్శించాడు. అసలు బొమ్మలు సందర్శకుల కంటబడని చోట ఉంటాయి, సందర్శకుల ముందున్న గాజులో కనిపించేవి వాటి ప్రతిబింబాలు.

ఇంట్లో దీన్ని అట్టపెట్టెలోనే చేయవచ్చు. పెట్టె లోపలంతా నల్లరంగు పూసి, ముందువైపు చూసేందుకు కిటికీ కోయండి. 3 మిల్లీమీటర్ల గాజు పలక అంచులకు టేపు చుట్టి, కిటికీకి 45 డిగ్రీల కోణంలో నిటారుగా నిలబెట్టండి. గాజు వెనక ఎదురుగా చిన్న కుర్చీ, గాజుకు ముందు పక్కమూలన తెల్లబొమ్మ, బొమ్మ వెనక నల్లగుడ్డ. బొమ్మ కిటికీలోంచి నేరుగా కనిపించకూడదు. మందపాటి గాజు వద్దు. దాని రెండు ముఖాల మీదా ప్రతిబింబం పడి ఒక్క దెయ్యమే రెండుగా కనిపిస్తుంది.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. బొమ్మ గాజుకు ఎంత దూరంలో ఉంటే దెయ్యం గాజు వెనక అంతే దూరంలో కనిపిస్తుంది. కుర్చీ కూడా సరిగ్గా అంతే దూరంలో లేకపోతే దెయ్యం అందులో కూర్చున్నట్టుండదు. ఫోనులో ఒక్క ఫొటో తీసి కుదిరిందనుకుంటారు. ఫొటో ఈ లోపాన్ని దాచేస్తుంది. కిటికీ ముందు నిలబడి తలను మెల్లగా కుడికి జరపండి. దెయ్యం కుర్చీని వదిలి కుడికే జరిగితే అది కుర్చీకన్నా వెనక ఉంది, బొమ్మను గాజుకు దగ్గరగా తీసుకురండి. ఎడమకు జరిగితే బొమ్మను దూరం పెట్టండి. తల ఎటు జరిపినా దెయ్యం కుర్చీని అంటిపెట్టుకొని ఉండేదాకా గోరంతగోరంత జరుపుతూ ఉండండి. దెయ్యం ఒక పక్కకు వాలినట్టుంటే తప్పు గాజుది, నిటారుగా లేదన్నమాట. ఈ పనికి తొందర అస్సలు పనికిరాదు.

ఫోను తెర మీద వీడియో ఆడించి దెయ్యమంటే నేను ఒప్పుకోను. తెర మీది బొమ్మ చదునుగా ఉంటుంది. నిజమైన బొమ్మకు లోతుంది, చూసేవారు కదిలితే దాని పక్క భాగం కూడా కనిపిస్తుంది. ఇంకొకటి, ప్రతిబింబంలో కుడిఎడమలు తారుమారవుతాయి. హాంటెడ్ మాన్షన్ నాట్యంలో మగవాళ్లకు బదులు ఆడవాళ్లు జోడీని నడిపిస్తున్నట్టు కనిపించేది అందుకే. దెయ్యం కుడిచేయి ఎత్తాలంటే బొమ్మ ఎడమచేయి ఎత్తండి.

చివరగా వెలుగు. 45 డిగ్రీల కోణంలో గాజు సుమారు పదోవంతు వెలుగునే తిప్పి పంపుతుంది. కాబట్టి కుర్చీ మీద మసక దీపం, బొమ్మ మీద గట్టి టార్చి ఉండాలి. టార్చి వెలుగు గాజు మీద నేరుగా పడకూడదు, పడితే వేలిముద్రలన్నీ బయటపడతాయి. టార్చిని టక్కున వెలిగించకండి. దాని ముందు అట్ట అడ్డుపెట్టి, వెలిగించాక ఆ అట్టను నెమ్మదిగా తీయండి, దెయ్యం కొద్దికొద్దిగా తేలి వస్తుంది.