కారు అమ్మే ముందు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఫెయిలైందా? షీటులో రాసింది సగం మాటే

కొనేవాళ్లు దొరికారు, బేరం కుదిరింది, రేపో మాపో తాళాలు చేతిలో పెట్టేద్దాం అనుకుంటుండగా ఇన్‌స్పెక్షన్‌లో కారు ఫెయిలవుతుంది. ఒక షీటు ఇస్తారు. అందులో నాలుగు లైన్లు ఉంటాయి. ఆ టెన్షన్‌లో షీటు పట్టుకుని మెకానిక్ దగ్గరికి పరిగెత్తి, రాసినవన్నీ మార్పించేస్తాం. నేనూ ఒకసారి అదే చేశాను. మార్పించిన నాలుగింటిలో రెండు అసలు మార్చాల్సినవే కావు.

ఇన్‌స్పెక్టరు పని చూడటం, కొలవటం, రాయటం. 'వెనక ఎడమ బ్రేక్ లైటు మసక' అని రాసి ఊరుకుంటాడు. ఎందుకు మసకో వెతికే బాధ్యత ఆయనది కాదు. అంటే షీటులో ఉండేది లక్షణం మాత్రమే, కారణం మనం పట్టుకోవాలి. ఇంకో సంగతి. ఇన్‌స్పెక్షన్ పాసైతే ఇచ్చే సేఫ్టీ సర్టిఫికెట్ అడిగేది కారు ఆగుతుందా, తిరుగుతుందా, కనిపిస్తుందా, లోపలివాళ్లని కాపాడుతుందా అని. క్లచ్ ఎంత అరిగింది, ఏసీ చల్లగా వస్తోందా, పికప్ బాగుందా అన్నవి సాధారణంగా ఆ లెక్కలోకి రావు. కాబట్టి సర్టిఫికెట్ పేరు చెప్పి వాటి మీద ఖర్చు పెట్టకండి.

బ్రేక్ లైటు మసకగా ఉంది, లేదా ఒక లైటు వేస్తే ఇంకోటి వెలుగుతోంది

ముందు దీని గురించే ఎందుకంటే, చిన్న సమస్యే అయినా ఎక్కువమంది డబ్బు తగలేసేది ఇక్కడే. బల్బు మారుస్తారు, తేడా ఉండదు. మొత్తం లైటు అసెంబ్లీ మారుస్తారు, మళ్లీ అంతే.

నా కారులో బ్రేక్ తొక్కినప్పుడల్లా అదే వైపు ఇండికేటరు కూడా సన్నగా మిణుకుమనేది. కొత్త బల్బు వేయించాను, మిణుకు పోలేదు. చివరికి నేనే డిక్కీ లోపలి నుంచి బల్బు హోల్డరు తిప్పి బయటికి తీశాను. ఎర్త్ వైరు కలిసే రేకు మీద ఆకుపచ్చ చిలుము దట్టంగా పట్టి ఉంది. డిక్కీ రబ్బరు బీడింగు నుంచి వాన నీళ్లు దిగి అక్కడే నిలిచేవి. లైటుకి వెళ్లిన కరెంటు తిరిగి రావటానికి ఎర్త్ దారి మూసుకుపోతే, పక్క బల్బు ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుంది. ఇండికేటరు మిణుకుమనటానికి కారణం అదే. సన్న గరుకు కాగితంతో రేకుని మెరిసేదాకా రుద్ది, స్క్రూ బిగించి పెడితే పోయింది. బీడింగు కూడా సరిచేశాను. లేకపోతే వచ్చే వానాకాలానికి మళ్లీ అదే కథ.

ఇండికేటరు మామూలు కంటే వేగంగా టకటకా కొట్టుకుంటుంటే మాత్రం చాలావరకు ఆ వైపు ఒక బల్బు పోయినట్టే. మామూలు బల్బు తీసి ఎల్‌ఈడీ వేసినా ఇలాగే కొట్టుకోవచ్చు. అది తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి, బల్బు పోయిందని కారు పొరబడుతుంది. అమ్మే కారుకి ఎల్‌ఈడీ ముచ్చట వద్దు, కంపెనీ బల్బే తిరిగి పెట్టించండి.

హెడ్‌లైటు మీద పసుపు పొర పట్టిందంటే ఎండకి పైన ఉన్న ప్లాస్టిక్ పూత చెడిపోయిందన్నమాట. పాలిష్ చేయిస్తే తేరుకుంటుంది, పైన రక్షణ పూత వేయకపోతే మళ్లీ పసుపెక్కుతుంది. ఫోకస్ తప్పిందని రాస్తే స్క్రూ తిప్పే ముందు మూడు చూడండి: బల్బు తన గాట్లో సరిగ్గా కూర్చుందా, నాలుగు టైర్లలో గాలి సమానంగా ఉందా, డిక్కీలో బరువులేమైనా ఉన్నాయా. వెనక బరువు ఉంటే ముందు భాగం లేచి, వెలుగు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడుతుంది.

టైరు అరిగిపోయింది

చాలా దేశాల్లో కార్ల టైరు గాడికి కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. కొలిచే పరికరం లేకపోయినా ఫరవాలేదు. గాడిలోకి చూస్తే అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మలు కనిపిస్తాయి. టైరు పైభాగం ఆ దిమ్మలతో సమానమైందంటే ఇక అది పనికిరాదు. బయటి అంచు చూసి సరిపెట్టుకోవద్దు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, చెయ్యి పెట్టి లోపలి అంచు కూడా తడమండి. ఎక్కువగా దొరికిపోయేది అక్కడే.

అరిగిన తీరే కారణం చెబుతుంది. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే చాలాకాలం గాలి తక్కువతో నడిచింది. మధ్య మాత్రమే అరిగితే గాలి ఎక్కువైంది. ఒక్క అంచే అరిగితే చక్రాలు నిలిచే కోణం, అంటే అలైన్‌మెంట్ పోయింది, లేదా కింద ఏదో జాయింటు లూజైంది. అక్కడక్కడా గుంటలు పడ్డట్టు అరిగితే షాక్ అబ్జార్బర్ వైపు చూడాలి. ఒక్క అంచు అరిగిన చోట కారణం వదిలేసి టైరు ఒక్కటే మారిస్తే సర్టిఫికెట్ వస్తుంది కానీ, కొన్నవాళ్ల చేతిలో కొత్త టైరు కూడా అదే దారి పడుతుంది. ఆ ఫోను మీకే వస్తుంది.

టైరు పక్కన బుడిపె లేచి ఉంటే ఆలోచించేది ఏమీ లేదు. లోపలి దారాలు తెగాయి, దానికి రిపేరు లేదు. టైరు వయసు తెలియాలంటే పక్కన ఉన్న నాలుగంకెలు చూడండి. 3219 అంటే 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైంది. ఒకే ఇరుసు మీద రెండు వేర్వేరు సైజులు ఉన్నా కూడా ఫెయిల్ రాస్తారు. స్టెప్నీ తగిలించుకుని అలాగే వెళ్లేవాళ్లు ఇది మర్చిపోతుంటారు.

బ్రేకులు: ఒక వైపు బలంగా, ఒక వైపు నీరసంగా

రోలర్ల మీద చక్రాలు తిప్పి కుడిఎడమల బ్రేకు బలం విడివిడిగా కొలుస్తారు. తేడా ఎక్కువ వస్తే ఫెయిల్. రోడ్డు మీద దీని లక్షణం, బ్రేక్ తొక్కగానే స్టీరింగ్ ఒక వైపుకి లాగటం.

ప్యాడ్లు మార్చేస్తే పోతుందనుకుంటాం. చాలాసార్లు దోషం ప్యాడ్లది కాదు, ప్యాడ్లని డిస్కు మీద నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరగాల్సిన పిన్నులది. గ్రీజు ఎండిపోయి, తుప్పు పట్టి అవి బిగుసుకుపోతాయి. ఆ చక్రం దగ్గర లోపలి ప్యాడ్ అరిగిపోయి, బయటి ప్యాడ్ కొత్తదానిలా ఉంటే కచ్చితంగా పిన్నులనే అనుమానించండి. విప్పి, శుభ్రం చేసి, బ్రేకులకి వాడే గ్రీజు పెడితే సరిపోవచ్చు. మామూలు గ్రీజు పెడితే వేడికి కరిగి కారుతుంది, రబ్బరు కూడా ఉబ్బిపోతుంది. వెనక డ్రమ్ములుంటే చక్రం సిలిండరు కారి లైనింగు మీద ఆయిల్ పడిందేమో చూడాలి. నూనె పీల్చిన లైనింగుని కడిగి వాడటం కుదరదు, మార్చాల్సిందే. అదీ ఒక్క వైపు కాదు, రెండు వైపులా.

కారు నెలల తరబడి కదలకుండా ఉందా? అయితే డిస్కుల మీద తుప్పు పొర వల్లే రీడింగు తక్కువ వచ్చి ఉండొచ్చు. ఖాళీ రోడ్డు చూసుకుని, వెనక ఎవరూ లేనప్పుడు, నాలుగైదు సార్లు గట్టిగా బ్రేక్ వేస్తే పైపొర పోతుంది. ఇన్‌స్పెక్షన్‌కి కారుని కాస్త నడిపించుకుని వెళ్లమనటం ఇందుకే.

పెడలు మెత్తగా దిగుతుంటే లైనులో గాలి ఉంది, లేదా బ్రేక్ ఆయిల్ పాతబడింది. ఈ ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది. తేమ చేరినకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ఆయిల్ మార్చి గాలి తీయించాలి. పెడలు తొక్కి పట్టుకుంటే మెల్లగా నేల దాకా జారుతోందా? అది మాస్టర్ సిలిండరు లోపలి సీలు పోయిన లక్షణం, లేదా ఎక్కడో ఆయిల్ కారుతోంది. ఆ కారుని నడుపుకుంటూ షెడ్డుకి తీసుకెళ్లొద్దు, మెకానిక్‌నే పిలిపించండి.

హ్యాండ్ బ్రేకు చాలా పైకి లాగితే గానీ పట్టడం లేదంటే కొందరు వెంటనే కేబుల్ బిగిస్తారు. డ్రమ్ముల కారులో మొదట వెనక చక్రాల షూలు (డ్రమ్ము లోపల ఒత్తుకునే లైనింగు ముక్కలు) సర్దాలి, ఆ తర్వాతే కేబుల్. షూలు వదిలేసి కేబుల్ బిగిస్తే త్వరలోనే మళ్లీ వదులవుతుంది. మరీ బిగిస్తే చక్రం రాసుకుంటూ తిరిగి వేడెక్కుతుంది.

డ్యాష్‌బోర్డు మీద లైటు ఆరటం లేదు

ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్ లైట్లు తాళం తిప్పగానే వెలగాలి, కాసేపటికి లేదా ఇంజిన్ స్టార్టయ్యాక ఆరాలి. ఆరకపోతే ఎలా ఫెయిలో, అసలు వెలగకపోయినా అలాగే ఫెయిల్. ఎవరో బల్బు పీకేశారని ఇన్‌స్పెక్టరుకి ఇట్టే తెలిసిపోతుంది.

ఏబీఎస్ లైటు చాలాసార్లు చక్రం దగ్గరున్న స్పీడు సెన్సరు మీద మట్టి చేరటం వల్లనో, దాని వైరు తెగటం వల్లనో వస్తుంది. సీటు ముందుకీ వెనక్కీ జరిపాక ఎయిర్‌బ్యాగ్ లైటు వచ్చిందంటే సీటు కింద ఉన్న కనెక్టరు వదులై ఉంటుంది. అయినా దాన్ని మీరు కెలకొద్దు. అది పేలే వస్తువు, బ్యాటరీ తీసి కాసేపు ఆగాకే తెలిసినవాళ్లు ముట్టుకోవాలి.

ఇక ఇంజిన్ లైటు. అది వెలిగిందంటే కారు కంప్యూటరు తప్పేంటో ఒక కోడుగా దాచుకుందన్నమాట. 'స్కానర్ పెట్టి కోడు చెరిపేద్దాం, ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా రాదులే' అనే సలహా మీకూ ఎవరో ఒకరు ఇస్తారు. పొగ పరీక్ష కూడా ఉండి, కంప్యూటరుకి తగిలించి చూసే చోట ఇది ఎదురు తంతుంది. కోడు చెరిపినా, బ్యాటరీ తీసినా కారు తనను తాను పరీక్షించుకున్న రికార్డు కూడా చెరిగిపోతుంది. 'పరీక్షలు పూర్తి కాలేదు' అని తెర మీద కనిపిస్తే వెనక్కి పంపేస్తారు. అవి పూర్తవ్వాలంటే చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేసి, ట్రాఫిక్‌లో కొంత, హైవే మీద నిలకడగా కొంత, ఇలా కొన్ని రోజులు నడపాలి. నిజంగా రిపేరు చేయించి కోడు తీయించినా ఇంతే, కాబట్టి మర్నాడే అపాయింట్‌మెంట్ పెట్టుకోకండి. కొన్ని కార్లలో పెట్రోలు ట్యాంకు మూత సరిగ్గా పడకపోయినా ఈ లైటు వస్తుంది. ముందు మూత టిక్‌మనేదాకా తిప్పి చూడండి.

స్టీరింగ్ ఆడుతోంది, కింద టక్‌మంటోంది

ఏ జాయింటు అన్నది చేత్తోనే కొంత తేలుతుంది. కారుని జాకీ మీద లేపి, కింద గట్టి స్టాండు పెట్టాకే ఇది చేయాలి, ఒట్టి జాకీని నమ్మొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బేరింగు లేదా బాల్ జాయింటు. అలా ఊపుతూనే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. ఆట పోతే బేరింగు, పోకపోతే బాల్ జాయింటు వైపు వెళ్లండి. ముందు చక్రాన్ని కుడిఎడమల పట్టుకుని ఊపితేనే ఆడుతుంటే ఎక్కువగా స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్. అది మారిస్తే అలైన్‌మెంట్ తప్పనిసరి.

ముందు చక్రాల లోపలి వైపు గ్రీజు చిమ్మినట్టు కనిపిస్తే యాక్సిల్ మీది రబ్బరు బూటు చిరిగింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపినప్పుడు టకటక రాకపోతే బూటు, గ్రీజు మారిస్తే సరిపోతుంది. శబ్దం మొదలైతే జాయింటే పోయినట్టు.

చిన్నవే గానీ ఆపేస్తాయి

వైపరు గీతలు వదులుతుంటే ముందు అద్దాన్నీ బ్లేడునీ సబ్బునీళ్లతో తుడవండి, అప్పటికీ పోకపోతే బ్లేడు మార్చండి. అద్దం మీద చిన్న దెబ్బ ఉంటే పాకకముందే రెసిన్ నింపించండి. డ్రైవరు చూపుకి నేరుగా ఎదురుగా పగులుంటే అద్దం మార్చమనే అవకాశమే ఎక్కువ. సీటు బెల్టు నెమ్మదిగా వెనక్కి వెళ్తుంటే అది చాలావరకు మురికి పట్టటం వల్లే. పూర్తిగా బయటికి లాగి, గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక వదలండి. అంచులు పీచు లేస్తే మాత్రం కుట్టించొద్దు, కొత్తదే వేయాలి.

తుప్పు సంగతి వేరు. డోరు మీద పైపైన ఉంటే అందానికి లోటు, అంతే. ఛాసిస్, సీటు బెల్టు బిగించే చోటు, సస్పెన్షన్ తగిలే చోటు తింటే అక్కడ రేకు కోసి వెల్డింగ్ చేయాల్సిందే. ఇన్‌స్పెక్షన్‌కి ముందు రోజు అడుగున నల్లరంగు కొట్టించుకుని వెళ్లటం కంటే తెలివితక్కువ పని లేదు. తాజా రంగు కనిపిస్తే అక్కడే ముందు తట్టి చూస్తారు.

కారు బాగుంది, కాగితం దగ్గర ఆగింది

ఛాసిస్ నంబరు రికార్డుతో కలవలేదంటే గుండె ఝల్లుమంటుంది. చాలాసార్లు అది టైపింగ్ తప్పే. ఇప్పటి కార్ల నంబరులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు వాడరు, 1తోనూ 0తోనూ పొరబడకుండా. మీ కాగితంలో ఓ కనిపించిందంటే అది సున్నా. నంబరు చెక్కిన చోట మట్టి తుడిచి, స్పష్టంగా ఫొటో తీసి, ఇన్‌స్పెక్షన్‌కి ముందే కాగితం సరిచేయించుకోండి. ఇంజిన్ మార్పించి ఉంటే అది రికార్డులో ఎక్కిందో లేదో కూడా చూసుకోవాలి.

సర్టిఫికెట్‌కి గడువు తక్కువ. కొన్నిచోట్ల నెల, కొన్నిచోట్ల రెండు నెలలు, ఇంకొన్నిచోట్ల కిలోమీటర్ల పరిమితి కూడా ఉంటుంది. కొనేవాళ్లు దొరక్కముందే తీసుకుని దాచుకుంటే అమ్మకం తేలేలోపు గడువు తీరిపోవచ్చు. నేనైతే చూడాల్సినవన్నీ ముందే చూసుకుని, రిపేర్లు ముగించి, బేరం ఒక కొలిక్కి వచ్చాకే తీసుకెళ్తాను.

ఫెయిలైతే అక్కడే రెండు ప్రశ్నలు అడగండి: మళ్లీ చూపించటానికి ఎన్ని రోజుల గడువుంది, ఆ లోపు వస్తే ఫెయిలైనవే చూస్తారా, మొత్తం మొదటి నుంచి చూస్తారా? రిపేరు బయట చేయించుకునే వీలుంటే ఇంకో మెకానిక్‌కి షీటు చూపించి ధర కనుక్కోండి, తప్పు కనిపెట్టినవాళ్ల దగ్గరే చేయించాలని లేదు. మళ్లీ వెళ్లేటప్పుడు పాత షీటు, రిపేరు బిల్లులు తీసుకెళ్లండి. ఆ రెండూ పారేయకుండా కొనేవాళ్లకే ఇవ్వండి. నా కారు కొన్నాయన సర్టిఫికెట్‌ని ఒకసారి చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ, ఫెయిల్ షీటుని మాత్రం లైను లైనూ చదివి, డిక్కీ తెరిపించి, ఆ బల్బు హోల్డరు తీసి చూపించమన్నాడు.