మోకాలి వెనక రక్తనాళం ఆపరేషన్: చెకప్‌కు బయల్దేరే ముందు జాగ్రత్తలు

బండి ప్రమాదంలో మోకాలి కీలు తప్పితే, దాని వెనకే ఉండే పాప్లిటియల్ ధమని కూడా దెబ్బతినొచ్చు. అప్పుడు చాలాసార్లు రెండో కాలి నుంచి సిర ముక్క తీసి అతికిస్తారు. అందులో రక్తం సరిగ్గా పారుతోందా అని చూడటానికే చెకప్‌లో డాప్లర్ స్కాన్ చేస్తారు.

ఫైలు రాత్రే సర్దుకోండి: డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ, ముఖ్యంగా పాత డాప్లర్ రిపోర్టు. అది లేకపోతే డాక్టర్ దేనితో పోల్చి చూస్తారు? ‘ఇవాళ స్కాన్ కదా’ అని రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మానేయొద్దు. పన్ను పీకించుకోవాలన్నా సర్జన్‌ని అడిగాకే వాటిని ఆపాలి.

పొద్దున్నే రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి, అరచేతి వెనక వైపుతో తాకి, వేడి ఒకేలా ఉందా చూడండి. బొటనవేలు గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. పాదం మీద నాడి ఎక్కడ దొరుకుతుందో నర్సు చేత పెన్నుతో గుర్తు పెట్టించుకుంటే ఇంట్లో వెతుక్కునే టెన్షన్ ఉండదు. పాదం చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే మాత్రం చెకప్ తేదీ దాకా ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం అందడం ఆగి 6 గంటలు దాటేకొద్దీ కాలు దక్కే అవకాశం తగ్గిపోతుంది.

వదులు పైజామా వేసుకోండి, జీన్స్ వద్దు. ఎల్బీనగర్ నుంచి పంజాగుట్ట దాకా ఆటోలో మోకాలు మడుచుకుని కూర్చునే కన్నా మెట్రో నయం, లిఫ్టు కూడా ఉంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఎంత చెప్పినా మొద్దుబారిన పాదానికి వేడి కాపడం పెట్టొద్దు, కాలినా తెలియదు. సిగరెట్ సంగతి వేరే చెప్పాలా?