ఇంటి నుంచి వృద్ధుల సంరక్షణ కేంద్రానికి మార్చే ముందు జాగ్రత్తలు

మందుల దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి కాబట్టి ముందు ఆ పని చూడండి.

- ప్రతి మందుకీ కంపెనీ పెట్టిన పేరు, అసలు మందు పేరు, ఎన్ని మి.గ్రా., ఏ వేళకి అన్నది ఒకే కాగితం మీద రాయండి. లేదంటే రెండు పేర్లున్న ఒకే మందును రెండుసార్లు వేసే ప్రమాదం ఉంది. డాక్టరు ఆపించినవి, ఒంటికి పడనివి విడిగా రాయండి.
- బయల్దేరే రోజు చివరి డోసు ఎన్నింటికి ఇచ్చారో రాసివ్వండి. ఇన్సులిన్, రక్తం పలచబరిచే మందులకు ఇది తప్పనిసరి. పార్కిన్సన్స్ (చేతులు వణికి, కదలికలు నెమ్మదించే జబ్బు) మందు వేళ తప్పితే ఒళ్లు బిగుసుకుపోతుంది. నర్సుకు నోటితో కూడా చెప్పండి.
- 7 రోజుల మాత్రలు అట్టలతోనే పంపండి.
- మడమలు, తుంటి, నడుము కింది భాగం చూడండి. ఎర్రబడినచోట వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే ఎక్కువసేపు ఒకేచోట ఒత్తుకుని వచ్చే పుండు మొదలవుతున్నట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు, వేడిగానో గట్టిగానో ఉందేమో తడిమి చూడాలి. తేదీతో ఫొటో తీయండి.
- బయల్దేరే వారం బరువు చూసి రాసుకోండి.
- కళ్లద్దాలు, కట్టుడు పళ్ల డబ్బా, వినికిడి మిషన్ మీద పేరు.
- మంచం ఏ వైపు దిగుతారో చెప్పండి. కొత్త గదిలోనూ చీకట్లో అటే దిగబోయి పడిపోతారు.
- ఉదయం చేర్చండి, వారాంతం వద్దు. డాక్టరు అందుబాటులో ఉండాలి.
- చేరాక ఒక్కసారిగా తికమకపడితే కొత్తచోటు వల్లేలే అని వదిలేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నీళ్లు తక్కువ తాగడం ఉన్నాయేమో అదే రోజు చూపించండి.