అమెరికా బడిలో మన పిల్లల ఇంగ్లిష్ – 3వ పాఠం: వాటర్ అడిగితే అర్థం కాలేదట!

పోయిన పాఠంలో మాటలు మార్చుకున్నాం. స్కేలు కాదు, రూలర్. ఫుల్‌స్టాప్ కాదు, పీరియడ్. బెండకాయ ఓక్రా, జెడ్ అనే అక్షరం జీ. మిగతావి మెల్లగా వచ్చినా ఫరవాలేదు గానీ రబ్బరు మాత్రం మొదటిరోజే మాన్పించండి. అక్కడ ఆ మాటంటే కండోమ్. ఇరేజర్ అనాలి.

ఇక ఉచ్చారణ. మేం టెక్సస్ వెళ్లిన కొత్తలో రెండో తరగతి చదివే మా వాడు ఓ సాయంత్రం దాహంతో ఇంటికొచ్చాడు. బడిలో భోజనాల దగ్గర వాటర్ అని మూడుసార్లు అడిగాడట, మూడుసార్లూ అక్కడ వడ్డించే ఆవిడ ‘సారీ?’ అందట. నాలుగోసారి అడగడానికి వీడికి సిగ్గేసింది.

చిక్కు ‘ట’ దగ్గర ఉంది. మన ‘ట’కి నాలుక వెనక్కి మడతపడి గట్టిగా తగులుతుంది. వాళ్లు ఇలాంటి చోట నాలుక కొసను పైపళ్ల వెనకున్న చిగురుకి అలా తాకించి వదిలేస్తారు. ఆ శబ్దం మనకు కొత్తదేం కాదు, రెండు అచ్చుల మధ్య పలికే మన ‘ర’కి చాలా దగ్గర. నమ్మకం లేకపోతే ‘సిరి’ అనండి, తెలుగులో అన్నట్టే, చివర కాస్త సాగదీసి. అమెరికన్ చెవికి అది సిటీ! ‘డ’కీ ఇంతే. పులి బారిన పడ్డాడు అంటాం చూడండి, ఆ ‘బారి’ వాళ్లకి బాడీలా వినిపిస్తుంది. మా వాడికి ఇది చెప్పాక రెండ్రోజులు ఇల్లంతా సిరి, బారి అని ఒకటే గోల.

ప్రతి ‘ట’నీ ఇలా మార్చకూడదు. ఆ ‘ట’ తర్వాతి అచ్చును ఊనిపెట్టి పలికితే మారదు. హోటెల్‌లో ఊనిక ‘టె’ మీద ఉంది కాబట్టి అక్కడ ‘ట’ ‘ట’గానే ఉంటుంది, పైగా కొంచెం గాలి కూడా వస్తుంది. గాలి సంగతి వచ్చే పాఠంలో.

వాటర్‌లో ‘వ’ కూడా ఒక చిక్కే. చేతుల్లేని కోటు వెస్టూ, పడమర వెస్టూ మనకు ఒకటే ‘వ’. పడమరకి, నీళ్లకి పెదాలు ఈల వేస్తున్నట్టు గుండ్రంగా రావాలి, పళ్లు తగలకూడదు. కోటుకి పైపళ్లు కింది పెదవిని తాకాలి. అద్దం ముందు అయిదు నిమిషాలు చాలు.

పిల్లలు మీ ‘వాటర్’ని దిద్దడం మొదలుపెడితే టెన్షన్ పడకండి. బడిలో ఒకలా, వీడియో కాల్‌లో అమ్మమ్మతో ఇంకోలా మాట్లాడటం వాళ్లకు ఇట్టే అలవాటవుతుంది. మా వాడికి నేనిప్పటికీ గట్టి ‘ట’తోనే వాటర్ ఇస్తున్నాను, తాగుతున్నాడు.

ఈ వారం అభ్యాసం: ఇటలీ, ఇటాలియన్, ఫొటో, ఫొటోగ్రాఫర్, ఆటమ్, అటామిక్. వీటిలో ‘ర’లా మారే ‘ట’లు మూడే. పిల్లల్నే కనిపెట్టమనండి.