సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్, 4వ పాఠం: ఆఫ్‌లో ఉన్నది ఎలా ఆన్ అయింది?

పోయిన పాఠంలో హాఫ్ బ్రిడ్జ్ (పైనొకటి, కిందొకటిగా రెండు మాస్‌ఫెట్ స్విచ్‌లు) కట్టమన్నాను. కట్టినవాళ్లలో చాలామందికి మాస్‌ఫెట్‌లు జంటగా పేలాయి. సగం తప్పు నాది. "గేట్ మీద రింగింగ్ కనిపిస్తే రెసిస్టర్ పెంచండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను (గేట్ అంటే మాస్‌ఫెట్‌ను ఆన్, ఆఫ్ చేసే కాలు; రింగింగ్ అంటే వోల్టేజీ వణుకుతూ ఊగడం). మీరేమో ఆసిలోస్కోప్ కింది మాస్‌ఫెట్‌కే పెట్టారు (పైదానికి కావాల్సిన ఐసొలేటెడ్ ప్రోబ్ ధర నాకూ తెలుసు), దానికే 5 ఓమ్‌లు తీసి 22 వేశారు. పైది మాత్రం ఎప్పటిలాగే గబుక్కున ఆన్ అవుతోంది.

లెక్క చూడండి. పైది ఆన్ కాగానే రెండు మాస్‌ఫెట్‌లూ కలిసే మధ్య బిందువు నానోసెకనుకు 50 వోల్టుల చొప్పున లేస్తుందనుకుందాం. కింది దాని డ్రెయిన్‌కీ (ఆ మధ్య బిందువుకు కలిసే కాలు) గేట్‌కీ మధ్య 10 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉన్నా చాలు, అర ఆంపియర్ గేట్‌లోకి వస్తుంది. అది మీ 22, చిప్ లోపలి 3 ఓమ్‌లు దాటి బయటపడాలంటే గేట్ మీద 12.5 వోల్టులు లేవాలి. 800 వోల్టులకు లేవడం 16 నానోసెకన్లలో అయిపోతుంది కాబట్టి అంతదాకా పోదు, ఆరు వోల్టుల దగ్గర ఆగుతుంది. కానీ వేడెక్కిన చిప్ ఆన్ కావడానికి (ఆ హద్దునే థ్రెషోల్డ్ అంటారు) రెండు వోల్టులే ఎక్కువ! ప్రతి స్విచింగ్‌కీ రెండూ ఒకేసారి ఆన్ అయి ఒక చిన్న షార్ట్, దాంతో ఇంకాస్త వేడి, థ్రెషోల్డ్ ఇంకాస్త కిందికి.

5 ఓమ్‌లు ఉంచినవాళ్లూ సంబరపడొద్దు. అక్కడా మూడున్నర దాకా లేస్తుంది. ఆఫ్ అంటే గేట్‌కు సున్నా కాదు, మైనస్ 4 వోల్టులు ఇవ్వాలి.

అసలు నాకు చిరాకు తెప్పించేది వేరే. ఆ రింగింగ్ చాలావరకు గేట్‌ది కాదు, మీ ప్రోబ్ గ్రౌండ్ వైరుది! 15 సెంటీమీటర్ల వైరంటే దాదాపు 150 నానోహెన్రీలు. ప్రోబ్ కొనలో 10 పికోఫారడ్‌లు. రెండూ కలిసి 130 మెగాహెర్ట్జ్ దగ్గర మోగుతాయి. పైగా ఆ వైరు చుట్ట చుట్టుపక్కల కరెంటుల అయస్కాంత క్షేత్రాన్నంతా యాంటెనాలా పట్టుకుంటుంది. క్లిప్ పీకి డబ్బాలో పడేయండి. ప్రోబ్ మెడకు సన్నటి రాగి తీగ చుట్టి, దాన్ని కింది మాస్‌ఫెట్ సోర్స్ కాలికి (కరెంటు బయటికెళ్లే కాలు) ఆనించండి. నేనదే చేస్తాను.

గేట్ రెసిస్టర్ ఆన్‌కు 5 ఓమ్‌లు, ఆఫ్‌కు డయోడ్‌తో విడిగా 1 ఓమ్. మిల్లర్ క్లాంప్ (ఆఫ్‌లో గేట్‌ను నేరుగా కిందికి కట్టేసే స్విచ్) పెట్టినా లోపలి 3 ఓమ్‌లు ఎక్కడికీ పోవు. మూడు కాళ్ల ప్యాకేజీ (గేట్ డ్రైవ్‌కు విడిగా సోర్స్ కాలు లేనిది) కొనడం నేనెప్పుడో మానేశాను.

సాధన: నానోసెకనుకు 80 వోల్టులకు ఇదే లెక్క మళ్లీ వేయండి, మీ డేటాషీట్‌లో 150 డిగ్రీల థ్రెషోల్డ్‌తో. తర్వాత 48 వోల్టులకు 100 మైక్రోహెన్రీల కాయిల్‌తో డబుల్ పల్స్ పరీక్ష (మొదటి పల్స్‌తో కరెంటు పెంచి, రెండో పల్స్‌తో స్విచింగ్ చూడటం). 10 ఆంపియర్లకు మొదటి పల్స్ ఎంతసేపు ఉండాలి? 21 మైక్రోసెకన్లు రాకపోతే సప్లై ఆన్ చేయకండి.